'మరియు బృందం': రాయల్టీ దారిలో తప్పిపోయిన పేర్లు

1998 ప్రాంతంలో మా వాడలోని తొమ్మిది మంది డప్పు కళాకారులను జిల్లా కేంద్రంలోని ఒక క్యాసెట్ల కంపెనీ రికార్డింగుకు పిలిచింది. అందులో మా నాయిన ఒకడు. మనిషికి నూటయాభై రూపాయలు, రానుపోను బస్సు చార్జీలు, మధ్యాహ్నం అన్నం. ఒక కాయితం మీద మేళం పెద్ద ఒక్కడే వేలిముద్ర వేసిండు. దాంట్లో ఏముందో చదివి చెప్పినవాళ్లు లేరు. నెల తర్వాత క్యాసెట్ ఊళ్లోకొచ్చింది. అట్ట మీద గాయకుడి పేరు పెద్దక్షరాల్లో, దాని కింద చిన్నగా 'మరియు బృందం' అని ఉంది. తొమ్మిది మందీ ఆ రెండు మాటల్లో కలిసిపోయారు.

2022లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో ఒక హోటల్లో వంటపనికి పోయిన మా మేనబావ ఫోను చేసి, 'మామ డప్పు ఇక్కడ మోగుతున్నది' అన్నాడు. ఫోనులోనే వినిపించాడు. నాలుగు దెబ్బలు వినంగనే మా నాయిన 'గా సిటికెన పుల్ల నాదే' అన్నాడు. తన దెబ్బ తనకు తెలుసు. కానీ అది అతనిదే అని చెప్పే కాయితం బర్మింగ్‌హామ్‌లో లేదు, హైదరాబాదులోనూ లేదు.

మా ఇంట్లో యూనివర్సిటీ మెట్లెక్కిన మొదటి తరం మాది. ఇట్లాంటి కాయితాలు చదవగలిగిన మొదటి తరం కూడా మాదే. అందుకే ప్రదర్శకుల రాయల్టీ దేశాల మధ్య ఎట్లా నడుస్తుందో, మనవాళ్ల దాకా రాకుండా ఎక్కడెక్కడ ఆగిపోతుందో ఈ వ్యాసంలో వివరించే ప్రయత్నం చేస్తున్నాం.

హక్కు ఎవరిది?

రికార్డయిన ప్రతి పాట మీద మూడు రకాల హక్కులుంటాయి. రాసినవాళ్లకు, బాణీ కట్టినవాళ్లకు ఉండేది ఒకటి. డబ్బు పెట్టి రికార్డు చేయించిన కంపెనీది రెండోది. పాడినవాళ్లది, వాయించినవాళ్లది, ఆడినవాళ్లది మూడోది. ఈ మూడోదాన్నే ప్రదర్శకుల హక్కు అంటారు. 2017లో తన పాటలు అనుమతి లేకుండా పాడుతున్నారని ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యానికి ఇళయరాజా నోటీసు పంపినప్పుడు మన దగ్గర పెద్ద చర్చే జరిగింది. అది బాణీ హక్కు మీద వచ్చిన తగవు. పాడిన గొంతుకు విడిగా ఒక హక్కు ఉందన్న సంగతి ఆ చర్చలో మరుగున పడింది.

మన కళల విషయంలో ఈ తేడా మరీ ముఖ్యం. డప్పు దరువులు ఫలానావాడు కట్టాడని చెప్పలేం. తాతల నుంచి వస్తున్నవి. దీన్ని అడ్డం పెట్టుకునే 'జానపదం అందరిదీ, ఎవరైనా వాడుకోవచ్చు' అనే మాట చెలామణీ అయింది. దరువు అందరిదీ కావచ్చు. కానీ ఆ రోజు, ఆ గదిలో, మైకు ముందు డప్పును మంటకు కాపి ఆ దరువు కొట్టిన చేయి ఒక మనిషిది. ప్రదర్శకుల హక్కు ఆ చేతికి సంబంధించినది.

1957 నాటి మన కాపీరైట్ చట్టంలో ప్రదర్శకుల ఊసే లేదు. 1970ల చివర్లో సినీ నటుడు దేవానంద్ కేసులో బొంబాయి హైకోర్టు, నటన అనేది చట్టం రక్షించే కృతుల్లోకి రాదని తేల్చింది. 1994 సవరణతో మొదటిసారి ప్రదర్శకుల హక్కు చట్టంలోకి వచ్చి, 1995 మే 10 నుంచి అమలైంది. ప్రదర్శకులంటే ఎవరో అందులో రాసింది చదివితే మనవాళ్లు ఆశ్చర్యపోతారు. నటులు, గాయకులు, వాద్యకారులు, నర్తకులతో పాటు దొమ్మరాట ఆడేవాళ్లు, గారడీ చేసేవాళ్లు, పాములాడించేవాళ్లు కూడా ప్రదర్శకులేనని విడివిడిగా చెప్పింది. చట్టం ఏ కులం పేరూ ఎత్తలేదు. ఆ పనులు ఈ దేశంలో ఏ కులాలవో చెప్పాల్సిన పని లేదు.

అదే 1994లో, జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ దండోరా మొదలైంది. చావులకూ చాటింపులకూ వెట్టిగా కొట్టించుకున్న డప్పు ఆత్మగౌరవ ఉద్యమానికి గుర్తయింది. డప్పు కొట్టే మనిషికి ఢిల్లీలో చట్టం ఒక హక్కునూ, ఈదుముడిలో ఉద్యమం ఒక గౌరవాన్నీ ఒకే ఏడాది తెచ్చాయి. ఈ రెండూ ఒకదాన్నొకటి కలుసుకోలేదు. వేదికల మీద డప్పుకు గౌరవం పెరిగింది కానీ, రికార్డింగు గదిలో కాయితం మారలేదు.

హక్కు గడువు మొదట 25 ఏళ్లు. 1999 సవరణ దాన్ని 50 ఏళ్లు చేసింది. ఆ లెక్కన 1998లో మా వాడ మేళం వాయించినదానికి 2048 చివరి దాకా గడువుంది. 2012 సవరణ ఇంకో అడుగు వేసింది. ప్రదర్శనను వ్యాపారానికి వాడుకుంటే రాయల్టీ ఇవ్వాలంది. తన ప్రదర్శనకు తన పేరు చెప్పమని అడిగే హక్కు, దాన్ని వికృతం చేస్తే అడ్డుకునే హక్కు కూడా ఇచ్చింది. అయితే అదే సవరణలో ఒక మెలిక ఉంది. సినిమాలో ఏదో అట్లా వచ్చిపోయే పాత్ర అయి, పరిశ్రమ ఆనవాయితీ ప్రకారం పేర్లలో ఎక్కడా వేయని మనిషిని ప్రదర్శకుడిగా లెక్కించనక్కర లేదు. తన ప్రదర్శనను వికృతం చేస్తే అడ్డుకునే హక్కు తప్ప అతనికి ఇంకేమీ మిగలదు. ఆనవాయితీ ప్రకారం ఎవరి పేర్లు వేయరో మనకు తెలియంది కాదు.

ఒక్కడివల్ల అయ్యే పని కాదు

హక్కు ఉందనుకుందాం. బర్మింగ్‌హామ్ హోటలుకు మా నాయిన పోయి 'నా డప్పు మోగిస్తున్నారు, పైసలియ్యండి' అని అడగగలడా? లోకంలోని హోటళ్లు, రేడియోలు, పెళ్లి మండపాలు అన్నీ తిరిగి అడగడం ఏ కళాకారుడివల్లా కాదు. ప్రతి పాటకూ ప్రతి వాద్యకారుణ్ణీ వెతికి అనుమతి తీసుకోవడం హోటలువాళ్లవల్లా కాదు. అందుకే కళాకారులు సంఘంగా ఏర్పడి, అందరి తరఫున లైసెన్సు ఇచ్చి, వసూలు చేసి, పంచుకునే పద్ధతి వచ్చింది. కూలిసంఘం కూలిరేటు మాట్లాడినట్టే ఇది కూడా.

రచయితలు, స్వరకర్తల సంఘాలు 1926లోనే అంతర్జాతీయ సమాఖ్య పెట్టుకున్నాయి. ప్రదర్శకుల సంఘాలు ఆలస్యంగా బలపడ్డాయి. ఫ్రాన్సులో అదామి 1955లో, స్పెదిదామ్ 1959లో, జర్మనీలో జీవీఎల్ 1959లో, స్వీడన్‌లో సామి 1963లో పుట్టాయి. బ్రిటన్‌లో 1934లో కంపెనీలు పెట్టుకున్న పీపీఎల్ ఇప్పుడు కంపెనీలకూ ప్రదర్శకులకూ కూడా వసూలు చేస్తుంది. రచయితల సంఘంతో కలిసి 2018 నుంచి అక్కడి హోటళ్లకూ దుకాణాలకూ ఒకే లైసెన్సు ఇస్తున్నది.

వసూలైన డబ్బు కళాకారుడి చేతికి రావాలంటే నాలుగు గేట్లు దాటాలి. ఒకటి, ఏ రికార్డు మోగిందో తెలియాలి. దీనికి ప్రతి రికార్డింగుకూ ఐఎస్ఆర్‌సీ అనే పన్నెండక్షరాల గుర్తు ఉంటుంది. రెండు, ఆ రికార్డులో ఎవరెవరు పాడారో, ఎవరెవరు వాయించారో జాబితా ఉండాలి. మూడు, ఆ మనుషులకు ఆ దేశపు చట్టం ప్రకారం అర్హత ఉండాలి. నాలుగు, వాళ్లు ఏదో ఒక సంఘంలో సభ్యులై, తమ తరఫున వసూలు చేయమని రాసిచ్చి ఉండాలి. ఏ ఒక్క గేటు మూసి ఉన్నా పైసలు అక్కడే ఆగుతాయి.

ఎల్లలు దాటే ఒప్పందాలు

మూడో గేటు దేశాల మధ్య ఒప్పందాలది. 1961 అక్టోబరు 26న రోమ్‌లో కుదిరిన ఒడంబడిక ప్రదర్శకులకు మొదటి అంతర్జాతీయ రక్షణ ఇచ్చింది. వ్యాపారం కోసం విడుదలైన రికార్డును రేడియోలోనో, జనం మధ్యనో మోగిస్తే ప్రదర్శకులకు గానీ కంపెనీకి గానీ ఇద్దరికీ గానీ న్యాయమైన ప్రతిఫలం ఇవ్వాలంది. భారతదేశం అదే రోజు సంతకం పెట్టింది కానీ తర్వాత ధ్రువీకరించలేదు. రోమ్ నిర్వచనంలో ఇంకో లోటు ఉంది. సాహిత్య, కళాకృతులను ప్రదర్శించేవాళ్లే దాని దృష్టిలో ప్రదర్శకులు. రచయిత పేరు లేని జానపదాన్ని ప్రదర్శించేవాడు ఆ మాటల్లో స్పష్టంగా లేడు. 1996 డిసెంబరు 20న జెనీవాలో ప్రపంచ మేధోసంపత్తి సంస్థ కుదిర్చిన ప్రదర్శనలు, ఫోనోగ్రాముల ఒడంబడికలో 'జానపద వ్యక్తీకరణలు' అనే మాట చేరింది. మన డప్పుగాడు, కిన్నెరగాడు అంతర్జాతీయ చట్టంలో ప్రదర్శకుడని అనిపించుకోడానికి 35 ఏళ్లు పట్టింది. ఈ ఒడంబడిక 2002లో అమల్లోకొచ్చింది. భారతదేశం అందులో చేరింది 2018లో. నటులు, నర్తకుల దృశ్య ప్రదర్శనల కోసం 2012లో బీజింగ్‌లో ఇంకో ఒడంబడిక కుదిరి 2020లో అమలైంది.

ఒడంబడికలో చేరినంత మాత్రాన తలుపు బార్లా తెరుచుకోదు. జనం మధ్య మోగించినప్పుడు ఇచ్చే ప్రతిఫలం విషయంలో ఏ దేశమైనా మినహాయింపు పెట్టుకోవచ్చు. ఒక దేశం ఎంత తలుపు మూస్తే, ఎదుటి దేశం దాని కళాకారులకు అంతే మూయవచ్చు. అమెరికాలో మామూలు రేడియో స్టేషన్లు పాడినవాళ్లకు, వాయించినవాళ్లకు ఏమీ ఇవ్వవు. అందుకని చాలా దేశాలు అమెరికా కళాకారులకు ఇవ్వకుండా ఆపాయి. ఐర్లండులో ఈ తగవు కోర్టుకెక్కింది. అక్కడ విదేశీ ప్రదర్శకుడికి అర్హత లేదంటే అతని వాటా రికార్డు కంపెనీ దగ్గరే ఉండిపోయేది. ప్రదర్శకుల సంఘం రాప్ దీన్ని ప్రశ్నించింది. 2020 సెప్టెంబరు 8న యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం, సభ్య దేశాలు తమంతట తాము పరాయి దేశపు కళాకారులను ఇట్లా పక్కన పెట్టడానికి వీల్లేదని తీర్పు చెప్పింది. ఆ కేసు అమెరికా కళాకారుల మీద నడిచినా, దాని నుంచి మనం నేర్చుకోవాల్సింది ఉంది. పంపకంలో ఒకణ్ణి బయట పెడితే వాడి వాటా గాలిలో కలవదు. లోపలున్న ఎవరికో చేరుతుంది.

చట్టం తలుపు తీసినా డబ్బును మోసుకెళ్లడానికి సంఘాలు చేతులు కలపాలి. ఈ పని కోసం ప్రదర్శకుల సంఘాలు 1986లో కలిసి కూర్చోవడం మొదలుపెట్టి, స్కాపర్ అనే సమాఖ్య పెట్టుకున్నాయి. దాని కేంద్రం బ్రసెల్స్. నలభైకి పైగా దేశాల సంఘాలు అందులో ఉన్నాయి. ప్రతి ప్రదర్శకుడికీ ఒక అంతర్జాతీయ నంబరు ఇచ్చే ఉమ్మడి పట్టిక, ఏ రికార్డులో ఎవరున్నారో చూపే ఉమ్మడి ఖాతా నడపడం దాని ముఖ్యమైన పనులు. ఒకే పేరున్న ఇద్దరిలో ఎవరి డబ్బు ఎవరిదో తేల్చేది ఆ నంబరే.

రెండు దేశాల సంఘాల మధ్య ఒప్పందాలు రెండు రకాలు. 'బి' రకంలో ఎవరి దేశంలో వసూలైంది వాళ్ల దగ్గరే ఉంటుంది. లెక్కల ఖర్చు తప్పుతుందనేది దీనికి చెప్పే కారణం. వినడానికి సమానంగానే ఉంటుంది. కానీ పాటలు ఎక్కువ పంపి, వసూలు తక్కువ చేసే పేద దేశానికి ఇందులో నష్టమే. 'ఏ' రకంలో పేర్లూ పోతాయి, పైసలూ పోతాయి. అక్కడ వాయించినవాడి పేరు మీద లెక్క కట్టి, అతని సంఘానికి పంపుతారు. స్కాపర్ కొన్నేళ్లుగా తన సభ్యులను 'ఏ' రకం వైపు నడిపిస్తున్నది. ఏ ఒప్పందం చూసినా మనం అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: పైసలు ఎల్ల దాటుతాయా, దాటవా?

పేరు దొరకని డబ్బు ఏమవుతుంది? 2014 నాటి యూరోపియన్ యూనియన్ ఆదేశం ప్రకారం, వసూలు చేసిన ఆర్థిక సంవత్సరం ముగిశాక తొమ్మిది నెలల్లోపు సంఘాలు పంచాలి. మనిషి దొరకకపోతే వెతకాలి, జాబితా బయట పెట్టాలి. మూడేళ్ల దాకా దొరకకపోతే అది పంచలేని డబ్బు కిందికి పోతుంది. దాన్ని ఏం చేయాలో సంఘం సర్వసభ్య సమావేశం తేలుస్తుంది. ఆ సమావేశంలో చేయెత్తేది పేర్లున్నవాళ్లే.

డిఫాంగ్ గొంతు

పేరు లేకపోతే ఏం జరుగుతుందో తైవాన్ ఆదివాసీ పెద్ద డిఫాంగ్ కథ చెబుతుంది. ఆయన అమిస్ తెగకు చెందిన గాయకుడు. చైనీస్ పేరు కువో యింగ్‌నాన్. 1988లో భార్యతో కలిసి సాంస్కృతిక కార్యక్రమానికి పారిస్ పోయి పాడారు. అక్కడి సంస్థ దాన్ని రికార్డు చేసి సీడీగా తెచ్చింది. ఎనిగ్మా అనే జర్మన్ సంగీత ప్రాజెక్టు ఆ గొంతును కత్తిరించి తన 'రిటర్న్ టు ఇన్నోసెన్స్' పాటలో వాడుకుంది. ఆ పాట దేశదేశాల్లో మోగింది. 1996 అట్లాంటా ఒలింపిక్స్ ప్రచారంలోనూ వినిపించింది. పాడిన ముసలి దంపతుల పేరు ఎక్కడా లేదు. అది ఎవరికీ చెందని సంగీతమని తమకు చెప్పారని ఎనిగ్మా వైపు నుంచి సమాధానం. తైవాన్ ఈ ఒడంబడికల్లో సభ్య దేశం కాదు. ఆ దంపతులు 1998లో అమెరికాలో దావా వేయాల్సి వచ్చింది. 1999లో రాజీ కుదిరి, వాళ్ల పేరుకు గుర్తింపు దొరికింది. డిఫాంగ్ 2002లో చనిపోయారు.

ఒక ముసలాయన దావా వేసి గెలుచుకున్నది, వ్యవస్థ సరిగా ఉంటే పారిస్‌లో రికార్డు చేసిన రోజే ఒక కాయితం మీద రాసుకుని ఉండాల్సింది. 'ఎవరికీ చెందనిది' అన్న మాట ఆదివాసుల దగ్గరికీ దళితుల దగ్గరికీ వచ్చేసరికే ఎందుకంత సులువుగా నోటికొస్తుందో ఆలోచించాలి.

బృందానికి వాటా ఇచ్చే చోట్లు

'ఇంతమంది పేర్లు ఎవరు రాస్తారు, ఎట్లా పంచుతారు' అని మన దగ్గర అంటారు. పంచే చోట్లు ఉన్నాయి. ఫ్రాన్సులో అట్ట మీద పేరు పడే ముఖ్య కళాకారుల సంఘం అదామి. వెనక వాయించేవాళ్లు, కోరస్ పాడేవాళ్లు, పేరు పడని నర్తకుల కోసం స్పెదిదామ్ ఉంది. అంటే 'మరియు బృందం' వాళ్లకే ఒక సంఘం! వాళ్ల నెత్తి మీద ముఖ్య గాయకుడి దయ ఉండాల్సిన పని లేదు. రికార్డింగు రోజు ఎవరెవరు వాయించారో హాజరుపట్టీ రాసి అందరితో సంతకాలు తీసుకుంటారు. ఉపాధిహామీ పనిలో మస్టర్ రోలు ఎంత ముఖ్యమో, అక్కడ ఆ పట్టీ అంత ముఖ్యం.

అమెరికాలో ఇంటర్నెట్ రేడియోలు, ఉపగ్రహ రేడియోలు మాత్రం చెల్లించాలి. ఆ డబ్బును సౌండ్‌ఎక్స్ఛేంజ్ వసూలు చేస్తుంది. రికార్డు హక్కుదారుకు 50 శాతం, ముఖ్య కళాకారులకు 45 శాతం పోగా, మిగిలిన 5 శాతం వెనక వాయించేవాళ్ల, పాడేవాళ్ల నిధికి పోతుంది. ఐదు శాతం చిన్నదే. కానీ అది చట్టంలో రాసిన వాటా, ఎవరి ఇష్టాయిష్టాల మీదా ఆధారపడదు. అమెరికాలో తెలుగువాళ్లు వినే ఇంటర్నెట్ రేడియోల్లో మన జానపదాలు మోగుతున్నాయి కాబట్టి ఈ లెక్క మనకూ సంబంధించిందే.

మన దగ్గర సంగతి

మన దేశంలో 2012 సవరణ తర్వాత, 2013లో గాయకుల హక్కుల సంఘం ఇస్రా రిజిస్టరైంది. 2016లో బార్లు, రెస్టారెంట్ల కేసుల్లో ఢిల్లీ హైకోర్టు గాయకుల రాయల్టీ హక్కును నిలబెట్టింది. తర్వాత వాద్యకారులను కూడా కలుపుకుని అది ఇసామ్రా అయింది. ఇవి తక్కువ విజయాలు కావు. సినిమా గాయకులు పోరాడి తెచ్చిన దారి ఇది. అయితే దారి సినిమా పాట చుట్టూ వేసింది. చట్టం పేరు పెట్టి పిలిచిన పాములాడించేవాడి దాకా, గారడీవాడి దాకా, చిందు కళాకారిణి దాకా అది ఇంకా రాలేదు.

నాగర్‌కర్నూలు జిల్లాకు చెందిన డక్కలి కళాకారుడు దర్శనం మొగులయ్యను తీసుకోండి. 'భీమ్లా నాయక్' సినిమా కోసం 2021లో విడుదలైన పాటలో ఆయన గొంతు దేశదేశాల తెలుగువాళ్లకు చేరింది. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024 మేలో ఆయన హైదరాబాదు దగ్గర కూలిపని చేస్తున్నాడని పత్రికల్లో వచ్చింది. వెంటనే సాయం చేస్తామని చాలామంది ముందుకొచ్చారు. మంచిదే. కానీ మన కళాకారుడి బతుకు గురించి మాట వచ్చిన ప్రతిసారీ శాలువా, పింఛను, చందా అనే మూడు మాటలే ఎందుకొస్తాయి? ఇవన్నీ ఇచ్చేవాడి చేతిలో ఉండేవి, ఎప్పుడైనా ఆగిపోగలిగేవి. రాయల్టీ చిన్న మొత్తమే కావచ్చు. అది ఎవరూ దయతలిచి ఇచ్చేది కాదు.

దీన్ని మేము వెట్టి చరిత్రలో పెట్టి చూస్తున్నాం. ఊళ్లో చావుకు డప్పు కొట్టిన మాదిగకు ఎంత కొట్టాడనే లెక్క ఉండేది కాదు. పిలిచినప్పుడు పోవాలి, ఇచ్చింది తీసుకోవాలి. 'మాదిగోళ్లను పిలవండి' అనేవాళ్లు తప్ప, ఫలానా మనిషిని పేరుతో పిలిచేవాళ్లు కారు. కులమే పేరు. క్యాసెట్ మీది 'మరియు బృందం' ఆ పిలుపుకు అచ్చులో వచ్చిన రూపం. అక్కడ వెట్టి ఊరి పొలిమేరలో ఆగేది. రికార్డయిన వెట్టి సముద్రాలు దాటి, మనిషి చచ్చిపోయిన తర్వాత కూడా చేస్తూనే ఉంటుంది.

ఏం చేయాలి?

మొదటిది, హాజరుపట్టీ. రికార్డింగుకు పోయే ప్రతి మేళం, వాయించిన ప్రతి ఒక్కరి పేరు, వాద్యం, తేదీ, చోటు రాసి రెండు ప్రతులు తీసుకోవాలి. వేలిముద్ర అయినా అందరిదీ ఉండాలి. మేళం పెద్ద ఒక్కడి వేలిముద్ర అందరి హక్కుకు సరిపోదు. చదువుకున్న పిల్లలు ఒకరు తోడు పోవాలి.

రెండోది, సభ్యత్వం. వాద్యకారులు సంఘంలో చేరే ఫారాలు తెలుగులో ఉండాలి. రికార్డింగు రుజువుగా పాత క్యాసెట్ అట్టను, తోటి కళాకారుల వాంగ్మూలాన్ని కూడా ఒప్పుకోవాలని మనం కోరాలి. పేరు లేనివాణ్ణి పేరున్న కాయితం తెమ్మంటే ఆ సభ్యత్వం ఎప్పటికీ రాదు.

మూడోది, ఒప్పందాల మీద నిఘా. విదేశీ సంఘాలతో మన సంఘం చేసుకునేది 'ఏ' రకమా 'బి' రకమా, ఎంత వచ్చింది, ఎవరికి పంచారు, పేరు దొరకనిది ఎంత, ఈ లెక్కలు ఏటా బయట పెట్టాలి. పేరు దొరకని డబ్బులో కొంత, జానపద కళాకారుల పేర్లు వెతికి రాసే పనికే పెట్టాలి.

నాలుగోది పరిశోధకులమైన మాకు. మేము కూడా ఊళ్లకు పోయి పాటలు రికార్డు చేసుకుంటాం. సిద్ధాంత గ్రంథం మీద మా పేరుంటుంది. అనుబంధంలో 'ఫలానా గ్రామ కళాకారులు' అని రాస్తాం. డిఫాంగ్ గొంతు కూడా ఒక సాంస్కృతిక సంస్థ రికార్డులోంచే జారిపోయింది. క్యాసెట్ల కంపెనీని తిట్టే ముందు మా టేపుల మీది అట్టలు మేము సరిచూసుకోవాలి.

మొన్న సంక్రాంతికి ఇంటికి పోయినప్పుడు ఆ పాత క్యాసెట్ పాటలు పెట్టి మా నాయినను అడిగాం, ఎవరెవరు ఏది కొట్టారని. ఒక్కొక్క దెబ్బ దగ్గర ఆపి ఒక్కొక్క పేరు చెప్పాడు. తొమ్మిది మందిలో నలుగురు ఇప్పుడు లేరు. చట్టం ఇచ్చిన గడువు వాళ్లకూ ఉంది, వాళ్ల పిల్లలకు అది చెందుతుంది. తొమ్మిది పేర్లూ రాసి, కింద ఉన్న ఐదుగురితో వేలిముద్రలు, సంతకాలు తీసుకున్నాం. ఏ సంఘం ఈ కాయితాన్ని ఒప్పుకుంటుందో అడిగి చూడాలి. ప్రతి వాడలో ఇట్లాంటి కాయితం ఒకటి తయారైతే, అడిగేవాళ్లం మేము ఒక్కళ్లమే ఉండం.